టకటకయ్య ఎడమ చెవి

జలాశయం ఒడ్డునున్న పార్కులో రెండు వందల పద్నాలుగు పెద్ద చెట్లున్నాయి. వాటిలో ఏది గట్టిది, ఏది లోపల గుల్ల అని చెప్పాల్సిన మనిషి మాత్రం ఒక్కడే. ఆ మనిషికి తల్లిదండ్రులు పెట్టిన పేరొకటి ఉండే ఉంటుంది గానీ, జీతం కాగితం మీద తప్ప దాంతో ఎవరికీ పని పడలేదు. ఉయ్యాలల దగ్గర ఆడుకునే పిల్లలెవరో ముప్ఫయ్యేళ్ల కిందట ఆయన్ని టకటకయ్య అన్నారు. ఆ పిల్లలు పెద్దవాళ్లై తమ పిల్లల్ని తీసుకుని అవే ఉయ్యాలల దగ్గరికి వచ్చే రోజులొచ్చినా ఆ పేరు మాత్రం మారలేదు. ఆఫీసులో అటెండరు మొదలు సూపరింటెండెంటమ్మ దాకా అందరికీ ఆయన టకటకయ్యే.

ఆయన పనిముట్టు ఒక కొయ్యసుత్తి. చెట్టు మొదట్లో పైకి తేలిన వేళ్ల మీద మొదలుపెట్టి, జానెడేసి ఎడంతో కొట్టుకుంటూ, చెట్టు చుట్టూ తిరుగుతూ తలెత్తు దాకా వస్తాడు. కుడిచేత్తో కొడతాడు, ఎడమ చెవి బెరడుకి ఆనిస్తాడు. లోపల చేవ ఉన్న చెట్టు ఠక్కుమంటుంది. పుచ్చిన చెట్టు డొబ్బుమంటుంది. ఈ రెండింటికీ మధ్య ఇంకో పది రకాల చప్పుళ్లున్నాయనీ, అవి చెవికి తెలుస్తాయి గానీ నోటికి రావనీ ఆయన అంటుండేవాడు. బాగున్న చెట్టుకి తెల్ల రిబ్బను, అనుమానం ఉన్నదానికి పసుపు, కొట్టెయ్యాల్సినదానికి ఎరుపు. ఆ తర్వాత రిజిస్టరులో చెట్టు నంబరుకి ఎదురుగా "బాగుంది" అని రాసి సంతకం పెడతాడు. ఆ ఒక్క మాట పుణ్యమా అని జనం చెట్ల కింద బెంచీల మీద హాయిగా కునుకు తీస్తుంటారు.

ఆ పనంటే ఆయనకి కాస్త గర్వం కూడా ఉండేది, అబద్ధమెందుకు. వేరే పార్కుల్లో చెట్లను పరీక్షించే యంత్రాలొచ్చాయని సూపరింటెండెంటమ్మ ఒకసారి అంటే, "యంత్రానికి చెవులుంటాయా అమ్మా?" అని ఊరుకోబెట్టాడు. ఆవిడ నవ్వి, యంత్రం కోసం రాసిన కాగితాన్ని సొరుగులో పడేసింది.

ఆ యేడు ఎండాకాలం చివర పరీక్షలన్నీ ముగించి, రిజిస్టరు ఒప్పజెప్పిన మూడో రోజున, ఈ మధ్యే మొదటిసారి కొనుక్కున్న ఫోను పాడైందని రిపేరు షాపుకి వెళ్లాడు టకటకయ్య.

"అవతలివాళ్లు మాట్లాడేది ఒక్క ముక్క వినపడట్లేదు బాబూ," అన్నాడు.

షాపతను ఫోను ఊదాడు, తుడిచాడు, తన చెవికి పెట్టుకున్నాడు. "బానే ఉందిగా పెద్దాయనా."

"ఏం బాగు? కనీసం గుయ్యిమని కూడా అనట్లేదు."

షాపతను తన ఫోన్లోంచి కాల్ చేసి, ఆయన ఫోను ఆయన చేతికిచ్చాడు. టకటకయ్య చెట్ల దగ్గరి అలవాటుకొద్దీ ఎడమ చెవికి పెట్టుకుని, చూశావా అన్నట్టు తల అడ్డంగా ఊపాడు. షాపతను కౌంటరు మీంచి వంగి, ఆ ఫోనుని ఆయన చేతిలోంచి తీసి కుడిచెవికి ఆనించాడు. "హలో, హలో, ఇప్పుడు వినపడుతోందా?" అన్న మాట ఫోన్లోంచీ ఎదురుగానూ ఒకేసారి వచ్చింది.

"ఫోనుకేం రోగం లేదు. చెవి చూపించుకోండి," అని నవ్వి, తరవాతి మనిషిని పిలిచాడు షాపతను.

బయటికొచ్చి రోడ్డు పక్కన నిలబడి, టకటకయ్య కుడిచెవిలో వేలు పెట్టుకున్నాడు. బస్సు కదులుతోంది, చప్పుడు లేదు. ఎదురుగా కొట్టువాడు ఎవరినో తిడుతున్నాడు, నోరు మాత్రమే ఆడుతోంది. ఆయన పక్కనున్న కరెంటు స్తంభాన్ని పట్టుకున్నాడు. చెవి పోయిందని కాదు. ఈ వయసులో చెవులు పోతాయి, పళ్లు పోతాయి, అదేం వింత కాదు. ఆయన్ని వణికించింది రిజిస్టరులో తను రాసిన "బాగుంది" అన్న మాట.

ఏటా పన్నెండో పదిహేనో చెట్లకి పసుపు రిబ్బను పడేది. మూడు నాలుగింటికి ఎరుపు పడేది. ఈ యేడు పసుపు పడింది మూడింటికే. అవి కూడా మొదట్లో పుట్టగొడుగులు మొలిచి, ఏ గుడ్డివాడైనా తడిమి చెప్పగలిగినవి. తక్కిన రెండు వందల పదకొండింటికీ తెల్ల రిబ్బనే. పైగా రిజిస్టరు ఇస్తూ, "ఈ యేడు చెట్లు నిగనిగలాడుతున్నాయమ్మా, ముప్ఫయ్యేళ్లలో ఇంత బాగా ఎప్పుడూ లేవు," అని గొప్పలు పోయాడు. సూపరింటెండెంటమ్మ సంతోషపడి, ఆ ధైర్యంతో మర్నాడే జలాశయం గట్టు పొడుగునా చెట్ల కింద కొత్తగా పదిహేను బెంచీలు వేయించింది.

చెవి డాక్టరు పరీక్షలన్నీ చేసి, లోపలి నరం ఎండిపోయిందనీ, ఇది ఇవాళో నిన్నో వచ్చింది కాదనీ, ఏడాది కావస్తూ ఉంటుందనీ చెప్పాడు. "ఇన్నాళ్లూ మీకెలా తెలీలేదండీ?" అని ఆశ్చర్యపోయాడు. ఎలా తెలుస్తుంది? మనుషుల మాటలు కుడిచెవి వినేది. ఎడమ చెవి చెట్ల కోసం. సుత్తి దెబ్బ చప్పుడు ఎలాగూ కుడిచెవికి చేరుతూనే ఉంది. అన్ని చెట్లూ ఒకేలా పలుకుతుంటే, చెట్లు బాగున్నాయనుకున్నాడు గానీ చెవి బాగాలేదని ఏ చెట్టూ చెప్పలేదు.

పోనీ కుడిచెవితో మళ్లీ కొట్టి చూద్దామని నర్సరీ వెనకాలకి వెళ్లాడు. కొత్త పనివాళ్లకి నేర్పడం కోసం అక్కడ పది దుంగలు పెట్టుంచాడు, కొన్ని గట్టివి, కొన్ని గుల్లవి. కుడిచెవి ఆనించాలంటే ఎడమచేత్తో కొట్టాలి. దెబ్బ వంకరగా, పసిపిల్లాడు కొట్టినట్టు పడింది. ఆ చెవికి గట్టి దుంగా గుల్ల దుంగా ఒకేలా వినిపించాయి. ముప్ఫయ్యేళ్లు కూర్చుని తిన్న చెవి, ఇప్పుడు ఉన్నపళంగా పని నేర్చుకోమంటే నేర్చుకుంటుందా? ఆయన సుత్తి కిందపడేసి ఆ దుంగ మీదే కూలబడ్డాడు.

వెళ్లి ఉన్నది ఉన్నట్టు చెప్పెయ్యొచ్చు. చెప్తే ఉద్యోగం పోతుంది. పదవీ విరమణకి ఇంకా పద్నాలుగు నెలలుంది. ఉంటున్నది నర్సరీ వెనకున్న క్వార్టరు, ఉద్యోగంతో పాటే అదీ పోతుంది. అన్నిటికన్నా ముందు, ఇంతకాలం నిలబెట్టుకున్న పేరు పోతుంది. చెప్పకపోతే ఏమవుతుందో ఆలోచించడానికి కూడా ఆయనకి ధైర్యం చాల్లేదు. వానలు రావడానికి నెల కూడా లేదు. వానకి ముందొచ్చే ఈదురుగాలులు అప్పుడే సాయంత్రాల పూట జలాశయం మీంచి వీస్తున్నాయి.

చెప్పలేదు. అలాగని ఊరుకోనూలేదు. రోజూ పొద్దున్నే బకెట్టుతో వెళ్లి కొత్త బెంచీల మీద నీళ్లు చల్లేవాడు, ఎవరూ కూర్చోకుండా. నాలుగు బెంచీలకి "తడి రంగు" అని కాగితాలంటించాడు. రంగు ఎన్ని రోజులు తడిగా ఉంటుంది? తోటమాలి వచ్చి, "ఎవడండీ ఈ బెంచీలు తడుపుతున్నది, దొరికితే కాళ్లిరగ్గొడతా," అని ఆయనకే ఫిర్యాదు చేశాడు. "చూస్తాలే," అన్నాడు టకటకయ్య. ఎండిన కొమ్మ చిటుక్కుమన్నా కుడిచెవి ఉలిక్కిపడేది. చెట్టు కింద బిడ్డకి పాలిస్తున్న తల్లిని చూసి, "అమ్మా, ఇక్కడ చీమలెక్కువ, అటు పోయి కూర్చోండి," అని తరిమేశాడు. ఆవిడ వెళ్లి ఇంకో చెట్టు కింద కూర్చుంది. రెండు వందల పద్నాలుగు చెట్లలో ఎక్కడికని పంపిస్తాడు?

నాలుగు రోజులు ఇంట్లో అన్నం కెలికి లేస్తుంటే భార్య చూసింది. ఐదో రోజు మధ్యాహ్నం ఆవిడ వంటింట్లో డబ్బాలు సర్దుకుంటూ, తల తిప్పకుండానే అడిగింది.

"ఏమండీ, మీ చెవి సంగతి నాకెప్పుడు చెబుదామని?"

"ఏ చెవి?"

"వినపడనిది."

"నీకెలా తెలుసు?"

"కాపురానికొచ్చిన్నాటి నుంచి మీకు ఎడమపక్కన కూర్చున్నదాన్ని, ఏడాదిగా కుడిపక్కన కూర్చుంటున్నా. నేను చోటు మార్చిన సంగతే మీకు పట్టలేదు. ఇంకేం అనుకోమంటారు?"

"మరి అప్పుడే చెప్పొచ్చుగా."

"చెప్తే ఒప్పుకునే మనిషేనా మీరు? మీరే చెప్తారని చూశా." ఆవిడ నవ్వింది. ఆయన ముఖం చూసి నవ్వు ఆపేసింది. అప్పుడు ఆయన చెట్ల సంగతి చెప్పాడు. బెంచీల మీద నీళ్లు చల్లడం దాకా అంతా చెప్పాడు.

ఆవిడ చేతిలో డబ్బా కింద పెట్టేసింది. "అయ్యో, నేను మాటల గురించే అనుకున్నానండీ. చెట్లు నాకు తట్టనేలేదు. తట్టుంటే అప్పుడే అరిచి చెప్పేదాన్ని," అంది. ఏదో ఒక పని చెయ్యకపోతే ఉండలేని మనిషి కాబట్టి ఆవిడ మళ్లీ డబ్బాల దగ్గరికి వెళ్లి, ఒక్కోదాన్నీ వేలి కణుపుతో కొట్టసాగింది. "పిండి పావు డబ్బా ఉంది, ఎల్లుండి దాకా వస్తుంది. పంచదార అడుగంటింది. పప్పు ఫర్వాలేదు."

"మూత తీసి చూడవేం?" అన్నాడు ఆయన.

"చూడ్డమెందుకు, వినపడుతుంటే."

అనేసి ఆవిడ తలెత్తింది. ఆయనా అప్పటికే ఆవిడ వంకే చూస్తున్నాడు.

మర్నాడు తెల్లవారగానే నర్సరీ వెనకాల దుంగల దగ్గర చదువు మొదలైంది. ఆయన కొడతాడు, ఆవిడ చెవి ఆనిస్తుంది. "ఇది నిండు డబ్బా. ఇది సగం. దీనికి మధ్యలో పురుగు పట్టింది," అని పది దుంగల్లో తొమ్మిదింటిని సరిగ్గా చెప్పేసింది. తనకి ఇదే పాఠం రావడానికి రెండేళ్లు పట్టింది. టకటకయ్యకి సంతోషం వేసింది, కాస్త కుళ్లూ పుట్టింది.

"ఏంటలా చూస్తున్నారు?" అంది ఆవిడ.

"ఏం లేదు. ఇంకోసారి విను, గర్వపడకు," అన్నాడు.

రోజుకి పది పదకొండు చెట్ల చొప్పున ఇరవై రోజుల్లో పార్కంతా తిరిగెయ్యాలని లెక్క. వానలు అప్పటిదాకా ఆగాలి. ఎవరికీ అనుమానం రాకూడదు గనక, పొద్దున నడకకొచ్చిన మొగుడూ పెళ్లాల్లా బయలుదేరేవాళ్లు. ఆవిడ కాన్వాసు బూట్లు తొడుక్కుంది, సుత్తిని తువ్వాలులో చుట్టి సంచిలో పెట్టుకుంది. చుట్టుపక్కల ఎవరూ లేరని చూసుకుని, ఆవిడ చెట్టుని రెండు చేతులా పట్టుకుని చెవి ఆనిస్తే, ఆయన గబగబా నాలుగు వైపులా కొట్టేవాడు. మొదటి వారంలో రెండు అనుమానం చెట్లు దొరికాయి. వాటికి ఎవరూ చూడకుండా తెల్ల రిబ్బను విప్పి పసుపు కట్టాడు, రిజిస్టరులో మాత్రం దిద్దలేకపోయాడు.

కానీ పార్కులో పొద్దున పూట ఎవరూ లేని చోటెక్కడుంటుంది? ఒకరోజు ఉయ్యాలల పక్కనున్న ఎర్రతురాయి చెట్టు దగ్గరుండగా, రిటైరైన పోస్టుమాస్టరుగారు వెనకనుంచి ఊడిపడ్డారు. ఆ పార్కులో నడిచే ఇరవై ముప్ఫై మందికి ఆయనే పెద్ద. ఏ కొత్త మందు గురించి విన్నా, ఏ కొత్త వ్యాయామం చూసినా మర్నాటికల్లా అందరిచేతా చేయిస్తారు. టకటకయ్య చప్పున సుత్తిని వీపు వెనక దాచాడు.

"ఏమ్మా, వారం నుంచి చూస్తున్నా, చెట్టు చెట్టునీ వాటేసుకుంటున్నారు. ఏంటి సంగతి?" అన్నారు పోస్టుమాస్టరుగారు.

ఆవిడకి ఎప్పుడూ నోట్లో జవాబు సిద్ధంగా ఉంటుంది. అదే కొంప ముంచింది. "బీపీకి మంచిదటండీ," అనేసింది. ఆయన వదల్లేదు. ఎంతసేపు వాటేసుకోవాలి, కళ్లు మూసుకోవాలా, భోజనానికి ముందా తర్వాతా అని పావుగంట నిలబెట్టి అడిగారు. ఆయన కదిలేసరికి పిల్లలు ఉయ్యాలల దగ్గరికి వచ్చేశారు. చెట్టు బాగానే పలికిందని ఆవిడ అనడంతో, ఇద్దరూ తరవాతి చెట్టుకి వెళ్లిపోయారు.

నాలుగు రోజులు తిరగ్గానే నడిచేవాళ్ల గుంపు గుంపంతా చెట్లను కావలించుకోవడం మొదలుపెట్టింది. చిన్నాచితకా చెట్లు పోస్టుమాస్టరుగారికి ఆనలేదు. గట్టు మొదట్లో ఉన్న ఎనభై ఏడో నంబరు నిద్రగన్నేరుని ఎంచుకున్నారు. ఎనిమిది మంది చేతులు చాచి పట్టుకుంటే గానీ చుట్టు రాని చెట్టది. ఆరున్నరకి ఎనిమిది మంది, వాళ్లయ్యాక ఇంకో ఎనిమిది మంది, కళ్లు మూసుకుని, బెరడుకి చెంపలానించి, పోస్టుమాస్టరుగారు వంద అంకెలు లెక్కపెట్టేదాకా అలాగే నిలబడేవాళ్లు. వాళ్లలో కర్ర పట్టుకుని నడిచే ముసలావిడొకరు, నెలలు నిండుతున్న కోడల్ని వెంటబెట్టుకొచ్చే అత్తగారొకరు.

దూరంగా నిలబడి చూస్తున్న టకటకయ్య వాళ్ల తలలు లెక్కపెట్టాడు. ఆ చెట్టు వంతు ఇంకా రాలేదు.

"కొంప ముంచావు కదే," అన్నాడు.

"ఏదో ఒకటి చెప్పకపోతే కదిలే మనిషా ఆయన? నోటికొచ్చింది అన్నా." ఆవిడ సంచిలో సుత్తి కోసం తడిమింది. "వరస తర్వాత చూద్దాం. ముందు దీన్ని కొట్టండి."

గుంపు చెదిరేదాకా ఆగి, ఏడున్నరకి చెట్టు దగ్గరికి వెళ్లారు. ఆయన మొదటి దెబ్బ కొట్టాడు. ఆవిడ చెవి ఇంకా గట్టిగా ఆనించింది. రెండో దెబ్బ, మూడో దెబ్బ. ఆయన చుట్టూ తిరుగుతూ కొడుతుంటే ఆవిడ కూడా చెట్టుని అంటిపెట్టుకుని తిరిగింది. కళ్లలో నీళ్లు తిరగడం ఆయనకి కనిపించింది.

"ఏమండీ, డబ్బాలో ఏం లేదండీ."

"ఏ పక్కన?"

"చుట్టూతా."

టకటకయ్య అటునుంచి అటే ఆఫీసుకి వెళ్లాడు. సూపరింటెండెంటమ్మ ముందు నిలబడేదాకా, ఏం చెప్పాలో ఆయనకే తెలీదు. "ఎనభై ఏడుకి మళ్లీ కొట్టి చూశానమ్మా. అనుమానంగా ఉంది. ఇవాళే తాడు కట్టించండి," అన్నాడు.

"నెల కిందటే బాగుందని రాశారుగా?"

"లోపలి సంగతి కదమ్మా," అని నసిగాడు. నిజం గొంతు దాకా వచ్చి మళ్లీ లోపలికి పోయింది. ఆవిడ ఇంకేం అడక్కుండా ఫోను తీసింది.

రెండు రోజుల్లో చెట్టు కొట్టారు. మొదలు కోసి పడగొట్టాక చూస్తే, లోపల ఆ ఎనిమిది మందీ నిలబడేంత ఖాళీ. గోడ నాలుగు వేళ్ల మందం కూడా లేదు. చేత్తో నలిపితే పొడి రాలింది. చూడ్డానికొచ్చిన పోస్టుమాస్టరుగారు అక్కడే గట్టు మీద చతికిలబడ్డారు. తేరుకున్నాక లేచొచ్చి టకటకయ్య రెండు చేతులూ పట్టుకున్నారు. "మా ప్రాణాలు నిలబెట్టావయ్యా," అన్నారు. నెలలు నిండిన కోడలి అత్తగారు ఏడ్చింది. టకటకయ్య ఎవరి ముఖంలోకీ చూడలేకపోయాడు. అది వినయమనుకున్నారు వాళ్లు.

మర్నాడు సూపరింటెండెంటమ్మ సిబ్బందినంతా ఆఫీసు గదిలోకి పిలిచింది. కుర్చీలు చాలక సగం మంది గోడకానుకుని నిలబడ్డారు. టకటకయ్యని తన పక్కన కూర్చోబెట్టుకుని, చేసిన పనినే మళ్లీ చేసి చూసుకునే మనిషంటే ఈయనేనని మెచ్చుకుంది. యంత్రాలు వద్దన్నది మంచిదే అయిందంది. అందరూ చప్పట్లు కొట్టారు. ఎడమపక్కనున్న గుమాస్తా ఏదో అన్నాడు. ఏమన్నాడో తెలీకపోయినా టకటకయ్య నవ్వాడు. ఏడాదిగా అలాంటి నవ్వులు చాలా నవ్వి ఉంటాడు, ఈసారి మాత్రం నవ్వుతున్నానని తెలిసి నవ్వాడు.

అప్పుడు ఆవిడ ఒక కాగితం ఆయన చేతిలో పెట్టింది. "పిల్లల ఆసుపత్రివాళ్లు మిమ్మల్నే పంపమని అడిగారు. వాళ్ల తోటలో అరవై చెట్లున్నాయి, వానల్లోపు చూసెయ్యాలి. రేపే వెళ్లండి."

టకటకయ్య కాగితం చూశాడు. అరవై చెట్ల నంబర్లు, ఒక్కోదాని ఎదురుగా ఖాళీ గడి. "బాగుంది" అని రాయాల్సిన గడి. సరేనంటే సరిపోతుంది. పద్నాలుగు నెలలు ఎలాగోలా గడిచిపోతాయి. కానీ భార్యని ఆ తోటలోకి ఏ వంకతో తీసుకెళ్తాడు? అక్కడ రోగం నుంచి కోలుకుంటున్న పిల్లల్ని చక్రాల కుర్చీల్లో చెట్ల నీడకి తెస్తారని ఆయనకి తెలుసు. కాగితాన్ని బల్లమీద పెట్టేశాడు.

"అమ్మా, నాకు వినపడదు," అన్నాడు.

ఆవిడ తన మాట సరిగ్గా వినపడలేదేమో అనుకుంది. దగ్గరికి వంగి, గొంతు పెంచి, "పిల్లల ఆసుపత్రి. అరవై చెట్లు," అని మళ్లీ చెప్పింది. వెనకాల ఇద్దరు ముగ్గురు నవ్వారు.

"అది కాదమ్మా. ఎడమ చెవి పోయింది. ఏడాది కావస్తోందన్నాడు డాక్టరు. మన రెండు వందల పద్నాలుగు చెట్లూ ఆ చెవితోనే పరీక్ష చేశాను. మొన్నామధ్య తెలిసింది. తెలిసి కూడా చెప్పలేదు."

"మరి ఎనభై ఏడు?" అంది ఆవిడ.

"మా ఆవిడ విని చెప్పింది."

ఈసారి ఎవరూ నవ్వలేదు. సూపరింటెండెంటమ్మ రిజిస్టరు తెప్పించింది. ఒక్కో పేజీ తిప్పుతూ, ఆయన రాసిన మాటలన్నిటి మీదుగా ఆ మూల నుంచి ఈ మూలకి గీతలు కొట్టుకుంటూ పోయింది. పెన్ను కాగితాన్ని గీరే చప్పుడు ఆయన కుడిచెవికి స్పష్టంగా వినిపించింది. ఆఖరి పేజీ అయ్యాక, "మీ సంగతి తర్వాత చూస్తా. ముందు గేటు మూయించండి," అంది. తిట్టినా బాగుండేదని ఆయనకి అనిపించింది.

పార్కు మూతపడింది. ఊరి అవతల పార్కు నుంచి ఇంకో పరీక్షకుణ్ణి పిలిపించారు. మనుషులు చాలక టకటకయ్యని గేటు దగ్గర నిలబెట్టారు. గేటుకి "పార్కు మూసివేయబడినది" అన్న బోర్డు వేలాడుతోంది, ఎందుకన్నది అందులో లేదు. "ఎవరైనా అడిగితే మరమ్మతులని చెప్పండి," అంది సూపరింటెండెంటమ్మ. ఆవిడ అలా అన్నది పార్కు పరువు కోసమో, తన పరువు కోసమో ఆయనకి అర్థం కాలేదు. మొదటి రెండు రోజులూ అలాగే చెప్పాడు. అడిగినవాళ్లు విసుక్కుంటూ వెళ్లిపోయారు.

మూడో రోజు పొద్దున, లోపలి నుంచి కొత్త పరీక్షకుడు వచ్చి ఉయ్యాలల పక్కనున్న ఎర్రతురాయికి ఎర్ర రిబ్బను కట్టానని చెప్పాడు. పైనంతా బాగానే ఉందట, వేళ్ల దగ్గర మాత్రం చెయ్యి పట్టేంత తొర్రట. గట్టి గాలి వస్తే వేళ్లతో సహా లేచి ఉయ్యాలల మీద పడేదట.

అప్పుడే టీ తెచ్చిన భార్య అది విని గేటు ఊచలు పట్టుకుంది. "నేను నిండు డబ్బా అన్నానండీ దాన్ని. నేనే అన్నా."

"నేను కొట్టిన చోటే నువ్వు వింటావు. వేళ్ల మీద నేను కొట్టలేదు," అన్నాడు ఆయన. పోస్టుమాస్టరుగారు కదిలాక పిల్లలొచ్చేస్తున్నారని కంగారులో వదిలేసిన చెట్టది. ఆఫీసులో తను నోరు మూసుకుని ఉండుంటే ఆ చెట్టు అలాగే ఉండేది, పిల్లలు ఊగుతూనే ఉండేవాళ్లు. ఆవిడ స్టూలు తెచ్చి వేసినా కూర్చోలేదు.

తొమ్మిదింటికి పోస్టుమాస్టరుగారు మనవరాలి చెయ్యి పట్టుకుని వచ్చారు. ఆ పిల్ల గేటులోంచి ఉయ్యాలల వైపు తొంగి చూసింది.

"ఏమయ్యా, ఇంకా మరమ్మతులేనా? సెలవులయ్యేలోపు దీన్ని మళ్లీ ఒక్కసారైనా ఉయ్యాలెక్కించకపోతే నా ప్రాణం తోడేస్తుంది," అన్నారు నవ్వుతూ.

"మరమ్మతులు కాదండి," అన్నాడు టకటకయ్య. భార్య ఆయన ముఖంలోకి చూసింది. "చెట్లు మళ్లీ పరీక్ష చేస్తున్నారు. ముందు చేసినవాడికి చెవి వినపడదని తేలింది. ఉయ్యాలల పక్క చెట్టు గుల్లని ఇందాకే చెప్పారు."

పోస్టుమాస్టరుగారి నవ్వు ఎగిరిపోయింది. "ఉయ్యాలల పక్కదా? పోయిన నెలంతా ఇది అక్కడే కదయ్యా ఆడుకుంది?" ముఖం ఎర్రబడింది. "చెవిటివాడు చెట్లు పరీక్ష చేశాడా? నువ్వుండగా ఇంకెవడికి అప్పజెప్పారయ్యా, ఎవడా ప్రబుద్ధుడు? జీతం తీసుకుని పిల్లల నెత్తిమీదికి తెస్తాడా? నీలాంటివాడొకడు ఉండబట్టి మేము బతికి బయటపడ్డాం గానీ, వాడు కనపడితే మాత్రం ఊరుకోను. చెప్పు, ఎవడు వాడు?"

"నేనేనండి," అన్నాడు టకటకయ్య.

పోస్టుమాస్టరుగారు నమ్మలేదు. ఆయన్నీ, పక్కనే తల దించుకుని నిలబడ్డ భార్యనీ మార్చి మార్చి చూశారు. అప్పుడు మనవరాలిని దగ్గరికి లాక్కుని, గేటు దగ్గర్నుంచి రెండడుగులు వెనక్కి వేశారు.

వెనకాల ఇంకో ఇద్దరు వచ్చి, పార్కు ఎందుకు మూశారని అడిగారు. టకటకయ్య వాళ్ల వైపు తిరిగి, మొదటినుంచీ చెప్పాడు.